ముప్పై ఏళ్ల ఫ్లాట్‌కి లక్షా పదిహేను వేల మేకప్, మూడేళ్ల తర్వాత ఏం మిగిలింది

మాది హైదరాబాద్ నల్లకుంటలో 1993లో కట్టిన ఫ్లాట్. డబుల్ బెడ్‌రూమ్, మొజాయిక్ ఫ్లోరు, లేత ఆకుపచ్చ డిస్టెంపర్ గోడలు, హాల్లో మా మామయ్యగారు నాంపల్లిలో దగ్గరుండి చేయించిన టేకు సోఫా, ఒక గోడంతా షోకేసు. 2022 ఎండాకాలంలో దీన్ని కాస్త బాగు చేయిద్దామని ఒక ఇంటీరియర్ వాళ్లని పిలిస్తే, ఆ అబ్బాయి సోఫా వైపు ఒక్కసారి చూసి "ఇవన్నీ తీసేద్దాం మేడమ్" అన్నాడు, కొటేషన్ ఆరున్నర లక్షలు. అత్తయ్య వంటింట్లోంచే "ముందు నన్ను తీసేయమను" అన్నారు. ఇంకేముంది, ఆ అబ్బాయి మళ్లీ రాలేదు. ఫర్నిచర్ ఒక్కటి కూడా గడప దాటకుండా మేమే చేయించుకున్నాం, మొత్తం 1,15,000 అయింది.

పెట్టిన ప్రతి రూపాయీ వసూలైంది మాత్రం ఫ్లోరు విషయంలోనే. అసలైతే పైన వినైల్ షీట్ పరిచేద్దామనుకున్నాం, కానీ పాలిష్ మేస్త్రి మంచం కింద మూలన తడిగుడ్డతో రుద్ది చూపిస్తే ఎర్రవీ నల్లవీ తెల్లవీ రాళ్లన్నీ కొత్తగా ఉన్నాయి, ముప్పై ఏళ్లు మేం నడిచింది మురికి మీదన్నమాట. గరుకు రాయి నుంచి నున్న రాయి దాకా మార్చుకుంటూ మెషీన్‌తో అరగదీసి, చివర్లో ఆక్సాలిక్ పౌడర్ వేసి పాలిష్ పట్టారు, 16,000 అయింది. ఇప్పటికీ ఫ్యాను నీడ కనిపిస్తుంది. నేను చేసిన తెలివితక్కువ పనేంటంటే పెయింటింగ్ ముందు చేయించా. ఆ మెషీన్ నీళ్లు పోస్తూ తిప్పుతారు కదా, బూడిద రంగు బురదంతా జానెడెత్తు దాకా కొత్త గోడల మీద చిమ్మింది, చుట్టూ మళ్లీ ఒక కోటు, పెయింటర్ సణుగుడు ఫ్రీ. మీరు చేయిస్తే ముందు ఫ్లోరు, తర్వాతే గోడలు.

సోఫా దిండ్లు విప్పితే కొబ్బరి పీచు పొడిపొడిగా రాలింది, దాంతోపాటు రెండు పావలా బిళ్లలు. పావలాలు 2011లోనే చెల్లకుండా పోయాయి, అప్పట్నుంచీ ఆ దిండ్లు ఎవరూ విప్పిన పాపాన పోలేదు! కూర్చునే చోట 40 డెన్సిటీ ఫోమ్ (అంకె పెరిగేకొద్దీ ఫోమ్ దట్టం), వీపు వైపు 32 వేయించాం. షాపతను అన్నిటికీ 32 చాలన్నాడు, వినకపోవడమే మంచిదైంది, మూడేళ్లైనా ఎక్కడా గుంట పడలేదు. చెక్క గీకించి పాలిష్ కూడా పట్టించి అంతా కలిపి 26,000. గుడ్డ దగ్గరే బోల్తా పడ్డా. జనరల్ బజార్‌లో క్రీమ్ కలర్ చూసి మనసు పారేసుకున్నా, మావారు రోజూ తల ఆన్చే చోట ఆర్నెల్లకే గుండ్రంగా కొబ్బరినూనె మరక, ఎన్నిసార్లు ఉతికినా నీడలా ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద శిల్పారామంలో కొన్న వరంగల్ డర్రీ, అదే జంపఖానా, ఒకటి మడిచి వేశా, వచ్చినవాళ్లంతా అదే బాగుందంటున్నారు.

లైట్లు ట్రూప్ బజార్‌లో తెచ్చాం. తెల్లటి వెలుతురు ఇచ్చే పాత 6500 కెల్విన్ ట్యూబులు తీసి పసుపు వెలుతురు 3000వి పెట్టాక అదే టేకు తేనె రంగులోకి వచ్చింది, మామూలు గోడ కూడా ఖరీదుగా కనిపించింది, నాకైతే పెయింట్ కంటే ఇదే పెద్ద మార్పనిపించింది. అత్తయ్య మాత్రం మొదటి రోజే "లో వోల్టేజీ వచ్చిందేమోనే, చూడు" అన్నారు. పేపర్ అక్షరాలు కనిపించట్లేదని రెండు వారాలు గొడవ, చివరికి ఆవిడ కుర్చీ వెనక ఒక తెల్ల ట్యూబ్ తిరిగొచ్చింది.

ఇంక డబ్బులు దండగంటే అంటించే వాల్‌పేపర్. మూడు వేలే కదా అని బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ వైపు గోడకి నేనే అంటించా. జూలై వానలకి అంచులు లేచాయి, పట్టి లాగితే దాంతోపాటు కొత్త పెయింటూ పుట్టీ పెచ్చులుగా ఊడొచ్చాయి, వెనకంతా నల్ల బూజు. అసలు చెమ్మ పైవాళ్ల బాత్రూమ్ నుంచి వస్తోంది, అది ఆపకుండా గోడకి ఏది అంటించినా ఇంతే. పైవాళ్లతో ఆ పంచాయితీ ఇంకా నడుస్తూనే ఉంది లెండి.

బీరువాకి డ్యూకో పెయింట్ స్ప్రే కొట్టించాం, బాగానే ఉంది గానీ హ్యాండిల్ కింద తాళాల గుత్తి తగిలి తగిలి అరచేతంత మేర పాత పచ్చరంగు బయటపడింది. పరదాల గురించి చెప్పడానికేం లేదు, పరదాలే.

హాల్లో దివాన్ కాట్ ఒక్కటీ అలాగే ఉండిపోయింది. దాన్ని జరపాలంటే కింద ఉన్న ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టాలో అత్తయ్య ఇంకా ఆలోచిస్తున్నారు.