స్టీల్ బాటిలా, గొట్టమున్న నీళ్ల సంచా?

ఎండల్లో భువనగిరి గుట్ట ఎక్కేవాళ్లు, చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం వెళ్లేవాళ్లు తరచూ అడిగేది ఇదే.

ఖర్చు: లీటరు స్టీల్ బాటిల్ 400 రూపాయల్లో దొరుకుతుంది. వీపుకు తగిలించుకునే సంచి, నమ్మకమైనదైతే, అంతకు రెండు మూడింతలు.

శ్రమ: భువనగిరి నున్నటి ఏకశిల మీద తాడుతో ఎక్కేటప్పుడు రెండు చేతులూ రాతికే కావాలి. బాటిల్ తీయాలంటే ఆగాలి. ఆగడానికి బద్ధకించి తాగడమే మానేస్తాం. గొట్టం భుజం దగ్గరే ఉంటుంది, గుక్క గుక్కగా తాగుతూ పోవచ్చు.

రిస్క్: ఇక్కడ మాత్రం నా ఓటు బాటిల్‌కే. ఊపి చూస్తే ఎన్ని నీళ్లున్నాయో తెలుస్తుంది. సంచిలో అయితే గొట్టంలోకి గాలి వచ్చేదాకా తెలియదు. బాటిల్‌లో ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లకు కలుపుకోవచ్చు, ఉప్పేసిన పల్చటి మజ్జిగా పోసుకోవచ్చు. అవే సంచిలో పోస్తే గొట్టం లోపల జిగురు పట్టి, సరిగ్గా కడగకపోతే నల్ల మచ్చలు, వాసన.

భువనగిరి కోట మెట్లెక్కి దిగడానికి బాటిల్ చాలు. తాడుతో ఎక్కడానికి, సలేశ్వరం లోయకు సంచి మేలు, తోడుగా ఓఆర్ఎస్ బాటిల్ ఒకటి. రాచకొండ వైపైతే ఏది పట్టుకెళ్లినా ఇంట్లోనే నింపుకోండి. ఆ ఉమ్మడి నల్గొండ పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది, అది కాచినా పోదు.