ధ్రువ ఓడల్లో సిటిజన్ సైన్స్: ఏది పనికొచ్చేది, ఏది కాలక్షేపం

అంటార్కిటికాకో, ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌కో వెళ్లే ఎక్స్‌పెడిషన్ ఓడల బ్రోషర్లలో ఇప్పుడు సిటిజన్ సైన్స్ పేజీ లేనిది అరుదు. మామూలు ప్రయాణికులే శాస్త్రజ్ఞుల కోసం డేటా సేకరించి ఇవ్వడమే సిటిజన్ సైన్స్. ఆ పేజీలో మైక్రోస్కోపు ఫోటో ఒకటి తప్పదు. మైక్రోస్కోపును చూసి ఓడను ఎంచుకోవడమంటే, హోటల్లో షాండ్లియర్ చూసి వంట బాగుంటుందని నమ్మడమే. చూడాల్సినవి రెండే. ప్రయాణికుడు నమోదు చేసిన ప్రతి పరిశీలన పక్కనా సరైన టైమూ, చోటూ ఉంటున్నాయా? ఓడ దిగాక ఆ డేటా ఎవరి చేతికి వెళ్తోంది? ఈ రెండు ప్రశ్నలకూ నిలబడే ప్రాజెక్టులు కొన్నే ఉన్నాయి. మిగతావి దిక్కుతోచని సముద్రపు రోజును నెట్టుకురావడానికి పనికొస్తాయి. దాన్ని తప్పు పట్టక్కర్లేదు గానీ సైన్స్ అనుకోకూడదు.

తిమింగలాలతో మొదలుపెడదాం, ఎందుకంటే పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలితం ఇక్కడే. జనం పంపే ఫోటోలతో ఏ తిమింగలం ఏదో గుర్తుపట్టే వెబ్‌సైటు హ్యాపీవేల్‌ను టెడ్ చీజ్‌మన్ 2015లో మొదలుపెట్టారు. హంప్‌బ్యాక్ తిమింగలం లోతుకు మునిగేటప్పుడు తోక పైకి లేస్తుంది. ఆ తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు, వెనక అంచున ఉండే గంట్లు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెంటికీ ఒకేలా ఉండవు. ఫోటో పంపితే సాఫ్ట్‌వేర్ పాత ఫోటోలన్నిటితో పోల్చి చూస్తుంది. నాణ్యమైన ఫోటో అయితే గుర్తింపు 97 నుంచి 99 శాతం దాకా సరిగ్గా ఉంటుందని 2021లో ప్రచురించారు. 2013లో కొలంబియా తీరంలో కనిపించిన ఒక మగ తిమింగలం 2022లో జాంజిబార్ దగ్గర తేలిందని, రెండు చోట్ల మధ్య దూరం 13,000 కిలోమీటర్లకు పైనేనని బయటపడింది ఈ ఫోటోల వల్లే. ఉత్తర పసిఫిక్‌లో హంప్‌బ్యాక్‌ల సంఖ్య 2012లో సుమారు 33,000కు చేరి, 2021కల్లా 20 శాతం దాకా పడిపోయిందని 2024లో వచ్చిన లెక్కకూ ఆధారం ఇలాంటి ఫోటోలే. అందులో పర్యాటకులు తీసినవి బోలెడు.

ఫోటో విషయంలో అందరూ చేసే పొరపాటు, తిమింగలం వీపు కనబడగానే వరసపెట్టి నొక్కేయడం. వీపుతో హంప్‌బ్యాక్‌ను పోల్చుకోవడం కష్టం. అది నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుని, వీపును బాగా వంచితే, తోక రాబోతోందని అర్థం. అప్పటిదాకా ఆగండి. షట్టర్ స్పీడు సెకనులో వెయ్యో వంతు గానీ అంతకన్నా వేగంగా గానీ ఉండాలి. లెన్సు 300 మిల్లీమీటర్లకు తగ్గితే కొంచెం ఇబ్బందే. తోక మీ వైపు నుంచి అవతలికి మునగాలి, అంటే తిమింగలం వెనక నుంచి తీయాలి. ముందు నుంచి తీస్తే తోక పైభాగమే పడుతుంది, అది పనికిరాదు. ఓర్కాలకు, అంటే కిల్లర్ వేల్స్‌కు, లెక్క వేరు. వాటికి వీపు మీది రెక్క, దాని వెనక ఉండే బూడిదరంగు మచ్చ, కంటి పక్కన తెల్ల మచ్చ కావాలి, వీలైతే ఎడమ వైపు నుంచి. ఫోటో కాస్త మసకగా ఉన్నా పంపండి. అందం లేని ఫోటోలోనూ గంట్లు లెక్కకు వస్తాయి.

ఇక గడియారం. ఈ రంగంలో డేటాను పాడుచేసే మొదటి దొంగ ఇదే. కెమెరా ఇంటి టైములోనే ఉండిపోతుంది, ఫోనేమో ఓడ టైముకు మారుతుంది, గైడ్ల పుస్తకంలో ఉండేది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. అంటార్కిటికా ఓడలు బయల్దేరే అర్జెంటీనా రేవు ఊష్వాయా టైము యూటీసీ కన్నా మూడు గంటలు వెనక. చాలా కెమెరాల్లో జీపీఎస్ ఉండదు కాబట్టి, ఫోటో టైమును ఓడ ప్రయాణ రేఖతో సరిపోల్చి చోటును రాబడతారు. 12 నాట్ల వేగంతో పోయే ఓడ గంటకు 22 కిలోమీటర్లు జరుగుతుంది. మీ కెమెరా ఒక్క గంట తప్పితే మీ తిమింగలం పక్క ఫ్యోర్డ్‌లోకి (కొండల మధ్య ఇరుకైన సముద్రపు పాయలోకి) వెళ్లి కూర్చుంటుంది. మందు చాలా తేలిక. డెక్ మీదకు వెళ్లగానే ఫోనులో జీపీఎస్ యాప్ తెరిచి, టైమూ అక్షాంశ రేఖాంశాలూ కనబడేలా ఆ తెరనే కెమెరాతో ఒక ఫోటో తీయండి. ఆ రోజు ఫోటోలన్నిటి తేడానూ ఆ ఒక్కదానితో సవరించవచ్చు. ఇంకోటి, ఫోటోలను వాట్సాప్ గ్రూపులో గైడుకు పంపొద్దు. వాట్సాప్ ఫోటోను కుదించి, లోపల దాగి ఉన్న టైము వివరాలను తీసేస్తుంది. ఓడలో సగం తోకలు ఇలాగే బూడిదలో పోసిన పన్నీరు అవుతాయి. మెమరీ కార్డు నుంచి అసలు ఫైలే ఇవ్వండి. హ్యాపీవేల్‌కు నా మార్కులు 5కి 5.

ఫ్యోర్డ్‌ఫైటో అన్నిటికన్నా బరువైన సైన్స్, కానీ సీటు దొరకడం కష్టం. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ నడిపే ఈ ప్రాజెక్టు అంటార్కిటిక్ ద్వీపకల్పం పడమటి వైపు ఫ్యోర్డ్‌లలో ఫైటోప్లాంక్టన్, అంటే కంటికి కనబడని నీటి మొక్కల మీద పనిచేస్తుంది. హిమానీనదాలు కరిగితే పైన మంచినీటి పొర ఏర్పడుతుంది. ఆ పొరలో పెద్ద డయాటమ్‌ల బదులు చిన్న క్రిప్టోఫైట్‌లు పెరిగే అవకాశం ఎక్కువ. చిన్న రొయ్యల్లాంటి క్రిల్‌కు డయాటమ్‌లే సరైన మేత. క్రిల్‌ను తినేవి పెంగ్విన్లు, తిమింగలాలు, సీల్స్. పరిశోధన నౌక ఒక ఫ్యోర్డ్‌కు సీజన్‌లో ఒకసారి వెళ్తే గొప్ప. పర్యాటక ఓడలు నవంబర్ నుంచి మార్చి దాకా అవే చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్తాయి. ఈ ప్రాజెక్టు ప్రాణమంతా ఆ 'మళ్లీ మళ్లీ'లోనే ఉంది.

పని ఇలా సాగుతుంది. జోడియాక్ అనే గాలి నింపిన రబ్బరు పడవ ఇంజన్ ఆపేస్తారు. ముందు సీటీడీ అనే పసుపుపచ్చ పరికరం, చేతిలో ఇమిడేంత ఉంటుంది. నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలుస్తుంది. దాన్ని నీటి పైపొరలోనే ముంచి కాసేపు పట్టుకుని, నీటి చలికి అలవాటు పడనివ్వాలి. తొందరపడి వదిలితే పై ఒకటి రెండు మీటర్ల అంకెలు చెడిపోతాయి, మంచినీటి పొర ఉండేది సరిగ్గా అక్కడే. తర్వాత తాడును ఆపకుండా, ఒకే వేగంతో జారవిడవాలి. ఆ తర్వాత 20 మైక్రాన్ల కన్నాలున్న శంకువు ఆకారపు వల. దించే ముందు అడుగున ఉండే గొట్టం మూత బిగించి ఉందో లేదో చూసుకోవాలి. మూత మరిచిపోయి, చేతులు కొంకర్లు పోయేలా తాడు లాగి, చివరికి ఖాళీ గొట్టం చూసుకునే సీను ప్రతి సీజన్‌లోనూ జరుగుతుంది. వల పైకొచ్చాక బయటి వైపు నుంచి నీళ్లు పోసి కడుగుతారు, లోపల అంటుకున్నదంతా గొట్టంలోకి దిగడానికి. లోపలి నుంచి కడిగితే పైనీటిలోని జీవాలు కొత్తగా వచ్చి కలుస్తాయి. ఫైటోప్లాంక్టన్ విపరీతంగా పెరిగిన రోజున గొట్టంలో చిక్కటి గోధుమ ఆకుపచ్చ ద్రవం కనబడుతుంది. సీసా మీద చోటు, తేదీ, టైము పెన్సిల్‌తో రాయాలి. చలిలో బాల్‌పెన్ మొరాయిస్తుంది, తడి తగిలితే సిరా పారుతుంది.

చిక్కల్లా జోడియాక్ సైజుతో. పడవకు ఎనిమిది నుంచి పది మంది. వంద మంది ఉన్న ఓడలో ఆసక్తి ఉన్న అందరికీ వంతు రావచ్చు. నాలుగు వందల మంది ఉన్న ఓడలో లాటరీయే. బుక్ చేసేముందు, మొత్తం ప్రయాణంలో నమూనాల కోసం ఈ పడవలు ఎన్నిసార్లు వెళ్తాయో అడగండి, 'మా ఓడలో సైన్స్ ఉంది' అనే జవాబు చాలదు. ఇంకో మాట, నమూనాలు తీయడానికి అనుమతి ఉండేది ప్రాజెక్టుకు, మీకు కాదు. సీసాడు నీళ్లు జ్ఞాపకంగా పట్టుకెళ్తామంటే కుదరదు, గులకరాయి కూడా కుదరదు. ఫ్యోర్డ్‌ఫైటోకు 4.5.

అదే పడవలో తరచూ సెక్కీ పళ్లెం కూడా ఉంటుంది. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కీ మధ్యధరా సముద్రంలో వాడిన పద్ధతే ఇది. 30 సెంటీమీటర్ల తెల్ల పళ్లెం కంటికి కనుమరుగయ్యే లోతును కొలుస్తారు. నల్ల కళ్లద్దాలు తీసేయాలి. గాలికి పడవ కొట్టుకుపోతే తాడు ఏటవాలవుతుంది, అంకె అసలు లోతు కన్నా ఎక్కువొస్తుంది. తాడు నిట్టనిలువుగా లేకపోతే ఆ కొలత వదిలేయడమే మేలు.

మబ్బుల యాప్ ఎవరికీ గ్లామర్‌గా అనిపించదు, కానీ సీటు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు. నాసా నడిపే గ్లోబ్ అబ్జర్వర్‌లో ఆకాశం ఎంత శాతం కప్పుకుందో, మబ్బు ఏ ఎత్తులో ఉందో, ఎంత దట్టమో గుర్తించి, నాలుగు దిక్కులు, పైన, కింద కలిపి ఆరు ఫోటోలు తీయాలి. తెల్లటి మంచు మీద తెల్లటి మబ్బు ఉంటే పైనున్న ఉపగ్రహం అక్షరాలా తెల్లమొహం వేస్తుంది. కింద నుంచి చూసే మనిషి సాక్ష్యం అందుకే విలువైంది. ఉపగ్రహం దాటే సమయానికి 15 నిమిషాలు అటూ ఇటూగా మీ పరిశీలన ఉంటే రెంటినీ జతకలిపి మీకు ఈమెయిల్ వస్తుంది. యాప్‌లో ఆ దాటే టైములు ముందే చూసుకుని, ఆ వేళకు డెక్ మీద ఉంటే చాలు. ఇంటర్నెట్ లేకపోయినా దాచుకుని తర్వాత పంపవచ్చు, యాప్ మాత్రం బయల్దేరేముందే ఇన్‌స్టాల్ చేసి ఖాతా తెరుచుకోండి.

ఇక్కడ చెడేది దిక్కు. ఓడంతా ఉక్కు, ఫోనులోని కంపాస్ ఉక్కు పక్కన పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. రెయిలింగుకు ఫోను ఆనించి తీస్తే ఉత్తరం ఆగ్నేయమైనా ఆశ్చర్యం లేదు. ఓడ ఏ దిక్కుకు పోతోందో బ్రిడ్జిలోనో టీవీ మ్యాపులోనో చూసి, దాన్ని బట్టి సరిచూసుకోండి. ఓడ పొగగొట్టం నుంచి వచ్చేదాన్ని మబ్బుగా రాయకండి, నవ్వొచ్చినా ఇలాంటివి జరుగుతాయి. మబ్బుల యాప్‌కు 4.

సముద్ర పక్షుల లెక్కకు మాత్రం 3 మించి ఇవ్వలేను. తప్పు ఈబర్డ్ యాప్‌ది కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయం 2002 నుంచి నడుపుతున్న చక్కటి వ్యవస్థ అది. తప్పంతా లెక్కించే తీరులో. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్య ఉన్న డ్రేక్ పాసేజ్‌లో కేప్ పెట్రెల్‌లు ఓడ చుట్టూ గంటల తరబడి తిరుగుతాయి. అవే ఇరవై పక్షులను ప్రతి చుట్టుకూ కలుపుకుంటూ పోతే రెండు వందలు అవుతాయి. ఒక గంటలో ఒకేసారి కనబడిన గరిష్ఠ సంఖ్యను రాయడం సురక్షితం. సముద్రంలో ఒక్కో జాబితా గంట లోపే ముగించి కొత్తది తెరవాలి, లేకపోతే పక్షి కనబడిన చోటు చాలా దూరం పరుచుకుపోతుంది. ప్రియాన్‌లు అనే చిన్న సముద్ర పక్షుల్లో ఏ జాతో తేలకపోతే 'ఏదో ఒక ప్రియాన్' అని రాసే వీలు యాప్‌లోనే ఉంది. నిపుణులు కూడా రోజూ అదే రాస్తారు. పక్షులు తెలిసిన గైడు పక్కన ఉండి రోజూ డెక్ మీద గంట కూర్చోబెట్టే ఓడ అయితే ఇంకో మార్కు కలుపుకోండి.

ఆర్కిటిక్ వైపు, స్వాల్‌బార్డ్‌లో ఎక్కువగా జరిగేది తీరం శుభ్రం చేయడం. దొరికేవాటిలో చేపల వలల ముక్కలు, తాళ్లు ఎక్కువ. సంచి నింపడం శుభ్రత, ఎంత పొడవు తీరంలో ఏ రకానివి ఎన్ని దొరికాయో రాస్తేనే సైన్స్. ఆ కాగితం లేని ఓడలే ఎక్కువ, అందుకే ఇది సగం సేవే. ఒక జాగ్రత్త ఉంది. అక్కడ 1946కు ముందు మనుషులు వదిలిన ఆనవాళ్లు, వస్తువులు ఏవైనా చట్టం ప్రకారం రక్షిత వారసత్వం. తుప్పు పట్టిన మేకు, పాత పీపా చెక్క కూడా చెత్త కాకపోవచ్చు. అనుమానం వస్తే గైడును పిలవండి, చేత్తో తీయకండి.

సైన్స్ పేరు చెప్పి దగ్గరకు వెళ్లే హక్కు ఎవరికీ రాదు. అంటార్కిటికాలో వన్యప్రాణులకు కనీసం 5 మీటర్లు, తీరం మీద ఒకసారికి వంద మందికి మించకూడదు. స్వాల్‌బార్డ్‌లో 2025 నుంచి ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్లు, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటిక్ ద్వీపకల్పం మీద స్కువా పక్షుల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఖాయమైనప్పటి నుంచి నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, బ్యాగు పెట్టడం వద్దంటున్నారు. కింది కోణం నుంచి పెంగ్విన్ ఫోటో కావాలంటే కెమెరా తెరను మడిచి పట్టుకోవడమే దారి. చనిపోయిన పక్షి కనబడితే తాకకుండా, చోటు గుర్తుపెట్టుకుని గైడుకు చెప్పండి. ఓడ కాల్చే ఇంధనానికి ఈ సైన్స్ ప్రాయశ్చిత్తమని ఏ సేల్స్‌మన్ అన్నా నమ్మకండి, లెక్క ఎక్కడా సరిపోదు.

ఓడల్లో ఎక్కువగా కనబడే లోపం పరికరాలది కాదు, మనుషులది. సైన్స్ బాధ్యత ఉన్న గైడే జోడియాక్ నడుపుతాడు, ఉపన్యాసం ఇస్తాడు, ఎలుగుబంటి కాపలాకూ నిలబడతాడు. ఏ ఒక్కటి పెరిగినా ముందు ఎగిరిపోయేది నీటి నమూనాల ట్రిప్పే. ఆ పనికే ప్రత్యేకంగా ఒక మనిషి ఉన్నారా, గత సీజన్ డేటా ఏ సంస్థకు వెళ్లింది అని బుకింగ్ ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబొస్తే అక్కడ పని జరుగుతున్నట్టు. తిరిగి ఈమెయిల్‌లో బ్రోషరే వస్తే సంగతి తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక ముందు తోకల ఫోటోలు పంపండి, గడియారం తేడా ఎంతో నోట్ పెట్టి. మబ్బుల యాప్‌లో పంపకుండా మిగిలిపోయినవి ఉన్నాయేమో చూడండి, ఫోను మార్చితే అవి పోతాయి. తిమింగలం జవాబు వారంలో రావచ్చు, మూడేళ్లకు రావచ్చు. అదే తోకను ఇంకెవరో ఇంకెక్కడో తీసిన రోజున వస్తుంది. అందుకని ఎప్పుడూ వాడే ఈమెయిలే ఇవ్వండి.