నాన్న స్ప్లెండర్: పదహారేళ్ల వాడకం తర్వాత

2009లో నాన్న కొన్న హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ ఇది, ఏడేళ్లుగా నేను నడుపుతున్నాను. 2018 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చి వంటింట్లో పెట్టి, ఛాతీలో మంటగా ఉందని పడుకున్నారు నాన్న. ఆసుపత్రికి చేర్చేలోపే పోయారు. 49 ఏళ్లు. బండి తాళం చొక్కా జేబులోనే ఉంది.

బండి సంగతికొస్తే, 97.2 సీసీ ఇంజను, నాలుగు గేర్లూ ముందుకే తొక్కాలి కాబట్టి అప్పటిదాకా స్కూటీ తప్ప నడపని నాకు కూడా వారంలో చేతికొచ్చేసింది. ఊళ్లో లీటరుకు 55, హైవే మీద 60 దాటి ఇస్తోంది. మీటరు 92 వేలు దాటినా ఇంజను ఇంకా విప్పలేదు, అది నాన్న చలవే. సైడ్ బాక్సులో ఒక పాకెట్ డైరీ ఉండేది, పెట్రోల్ పోయించినా ఆయిల్ మార్పించినా తేదీ, కిలోమీటర్లు అందులో రాసేవారు. ఆయన చివరి లైను "61,240. ఆయిల్. చైన్ టైట్." దాని కింద నుంచి నా రాత మొదలవుతుంది.

ఇబ్బంది పడింది ఒక్కసారే, ఓ షాపులో వేసిన డూప్లికేట్ క్లచ్ వైరు నెలలోనే తెగి నడిరోడ్డు మీద ఆగిపోయాను. ఒరిజినల్ అడిగి మరీ వేయించుకోండి.

ఇంకోటి, మాలాగా ఇంటి పెద్ద పోయిన వాళ్లుంటే ఆర్సీ సంగతి వాయిదా వేయకండి. నెలలోపు ఆర్టీఏకి తెలపాలి, మూడు నెలల్లోపు బండి పేరు మార్పుకి ఫారం 31 పెట్టాలి. ఆ దుఃఖంలో మాకెవరికీ గుర్తు రాలేదు, తర్వాత చాలాసార్లు తిరిగి అమ్మ పేరు మీదకి మార్పించాం. పదిహేనేళ్లు నిండాయని 2024లో రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేయించాను.

అమ్మ ఒకవైపుకే కూర్చుంటుంది. చీర గార్డు ఉన్నా సరే, నాన్న వెనక్కి తిరిగి "కొంగు సర్దుకున్నావా?" అని అడిగి, ఆమె ఊఁ అన్నాకే గేరు వేసేవారు, పక్క వీధికెళ్లినా అంతే. నేను మొదటిసారి ఎక్కించుకున్నప్పుడు అడక్కుండా కదిపేశాను. "మీ నాన్న అడిగేవారు" అంది అమ్మ, అంతకుమించి ఏమీ అనలేదు. అప్పట్నుంచి నేనూ అడుగుతున్నాను.

వచ్చే నెల వెనక టైరు మార్చాలి. డైరీలో రాసుకున్నాను.