జేసీ రోడ్డు వినైల్ షీటు: సరుకు మంచిదే, బుడగల గొడవంతా జిగురుది

బెంగళూరు జేసీ రోడ్డులో, బండ్ల లోపలి పని చేసే షాపుల్లో దొరికే 2 మి.మీ. వినైల్ షీటు క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకుని, వండుకునేలా మార్చిన బండి) ఫ్లోర్‌కు బాగా పనికొస్తుంది. రోల్ వెడల్పు 2 మీటర్లు కాబట్టి టెంపో ట్రావెలర్ లాంటి బండిలో మధ్యలో అతుకు లేకుండా పరుచుకోవచ్చు. షీటుకు ఐదుకు నాలుగు మార్కులు. దాంతోపాటు అంటగట్టే రబ్బరు జిగురుకూ, గంటలో ముగించేసే పనికీ ఒకటిన్నరే.

ఆ జిగురులో ఆవిరైపోయే ద్రావకం ఉంటుంది. ఫ్లోర్‌కు వేసిన ప్లై (ప్లైవుడ్) మీదా, షీటు వెనకా పల్చగా రాసి, వేలికి అంటనంత వరకు ఆరనివ్వాలి. సుమారు 10–15 నిమిషాలు పడుతుంది. తడి మీదే అతికిస్తే ఆవిరికి దారి ఉండదు. పైన వినైల్, కింద వాటర్‌ప్రూఫ్ ప్లై. బండి ఎండలో నిలబడగానే ఆ ఆవిరి షీటును పైకి లేపుతుంది. దీనికి తోడు వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మెల్లగా రబ్బరు జిగురులోకి దిగి దాన్ని పాకంలా చేస్తుంది. వేసిన రోజు నున్నగా ఉన్న ఫ్లోర్ ఎండాకాలానికి ఉబ్బేది అందుకే. వినైల్‌కని తయారైన అక్రిలిక్ జిగురే అడగండి. ‘అన్నీ ఒకటే సార్’ అంటారు, నమ్మకండి.

బుడగ వచ్చేసిందా, ముందు నొక్కి చూడండి. అణిగి మళ్లీ లేస్తే గాలి. చుట్టూ నల్లబడి, ప్లై మెత్తగా తగిలి, ముక్కిన వాసన వస్తే నీళ్లు. అప్పుడు సూదితో గుచ్చి లాభం లేదు. కిటికీ రబ్బరు, పైకప్పు వెంట్, నీళ్ల ట్యాంకు జాయింట్లు చూసి లీకు ఆపాలి, ప్లై పూర్తిగా ఆరాలి.

గాలి బుడగైతే హెయిర్ డ్రయ్యర్‌ను జానెడు దూరంలో కదుపుతూ షీటు మెత్తబడే దాకా వేడి చేయండి. హీట్ గన్ వద్దు, డిజైన్ మాడి మెరుపు మచ్చ పడుతుంది. డిజైన్‌లో చెక్క గీత ఉన్నచోట సిరంజి సూదిని ఏటవాలుగా గుచ్చి, అంచుల నుంచి రంధ్రం వైపు గాలి నెట్టేయండి. తర్వాత అక్రిలిక్ జిగురు 1–2 మి.లీ. ఎక్కించాలి. జిగురు చిక్కగా ఉంటుంది, 18 గేజ్ లావు సూదే సరిపోతుంది. ఇక్కడ రబ్బరు జిగురు అస్సలు వద్దు, లోపల ఆరే దారే లేదు. పైకి వచ్చింది తడిగుడ్డతో తుడిచి, బటర్ పేపర్, దాని మీద ప్లై ముక్క, ఆపైన 10 కిలోల బరువు పెట్టి 24 గంటలు కదపకండి.

గోడ వెంట పొడవుగా లేచే మడత వేరే సంగతి. షీటును గోడకు ఆనించి కోస్తే వేడికి సాగినప్పుడు దానికి చోటుండదు. బీడింగ్ (అంచు మీద బిగించే పట్టీ) తీసి అంచు 5 మి.మీ. కత్తిరిస్తే చాలావరకు అదే అణుగుతుంది. కొత్తగా వేయిస్తుంటే రోల్‌ను ముందు రోజే బండిలో విప్పి పరచమనండి. బీడింగ్ బిగించకముందే ఆ 5 మి.మీ. సందు నాలుగు వైపులా ఉందో లేదో చూసుకుని డబ్బులివ్వండి.