ఎయిర్‌పోర్ట్ దూరాల కాలిక్యులేటర్లు: కిలోమీటర్లు నమ్మొచ్చు, గంటలతోనే పేచీ

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం ఎంతో, విమానంలో ఎన్ని గంటలు పడుతుందో చెప్పే సైట్లు, యాప్‌లు ఏళ్లుగా వాడుతున్నాను. ఏ ఒక్కదాని గురించో కాదు, అన్నీ ఇంచుమించు ఒకే తీరు. దూరం దాదాపు కచ్చితంగా చెబుతాయి. సమయం మాత్రం ఒట్టి అంచనా, కానీ ఆ మాట ఎక్కడా పెద్ద అక్షరాల్లో రాయరు.

దూరంలో చిన్న తేడాలుంటాయి. న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి లండన్ హీత్రూకి ఒకటి సుమారు 5,540 కి.మీ. అంటే ఇంకొకటి 5,555 అంటుంది. మొదటిది భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గుండ్రటి బంతి అనుకుంటుంది, రెండోది భూమధ్యరేఖ దగ్గరి ఉబ్బును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఈ పదిహేను కిలోమీటర్ల కోసం బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. యూనిట్ మాత్రం చూసుకోండి. కొన్ని నాటికల్ మైళ్లలో చూపిస్తాయి, ఒక్కోటి 1.852 కి.మీ.

అసలు గొడవ సమయంతోనే. చాలావాటి లెక్క ఇంతే: దూరాన్ని గంటకు 800 కి.మీ. లాంటి సగటు వేగంతో భాగించి, పైకి లేవడానికీ దిగడానికీ ఓ అరగంట కలపడం. జేఎఫ్‌కే-హీత్రూకి అలా 7 గంటల 25 నిమిషాలు వస్తుంది. ఎటు నుంచి ఎటు వెళ్లినా అదే జవాబు! నిజానికి పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ వల్ల లండన్ వెళ్లేటప్పుడు సుమారు ఏడు గంటలు, తిరిగి వచ్చేటప్పుడు ఎనిమిది దాకా పడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల తోడుతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే చేరింది. ఏ కాలిక్యులేటర్ చెప్పగలదు ఆ మాట?

గాలి ఒక్కటే కాదు, దారి కూడా మారుతుంది. హెల్సింకి-టోక్యో దాదాపు 7,800 కి.మీ., ఫార్ములా ప్రకారం పది గంటల పైచిలుకు. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్నిష్ విమానాలు చుట్టూ తిరిగి వెళ్తున్నాయి, పదమూడు గంటలవుతోంది. కాలిక్యులేటర్ మాత్రం ఇంకా రష్యా మీదుగానే గీత గీస్తోంది.

రన్‌వే దాకా పాకడం, క్యూలో నిలబడటం, దిగాక గేటు ఖాళీ కోసం చూడటం ఈ లెక్కలో దాదాపు ఉండవు. చిన్న ప్రయాణాల్లో ఇది బాగా తెలుస్తుంది. అందుకే కనెక్షన్ ఉంటే ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్‌నే చూస్తాను, అందులో గేటు నుంచి గేటు దాకా లెక్క ఉంటుంది. అక్కడి టైములు ఏ ఊరివి ఆ ఊరివే కాబట్టి నేరుగా తీసివేత చేస్తే కుదరదు. టోక్యోలో సాయంత్రం ఎక్కి లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు ఉదయం దిగుతారు మరి.

ఊరి పేరు బదులు మూడక్షరాల కోడ్ కొట్టడం మేలు. సిడ్నీ అని కొడితే ఆస్ట్రేలియాది రావొచ్చు, కెనడాది రావొచ్చు. ఎస్‌వైడీ అంటే ఆస్ట్రేలియాదే.

ఇన్ని లోపాలున్నా వీటిని ఎందుకు వదల్లేదంటే, ఎక్కడ విమానం మారాలో తేల్చుకోవడానికి. సింగపూర్-లండన్ నేరుగా దాదాపు 10,900 కి.మీ. దుబాయ్‌లో దిగి మారితే 11,350 దగ్గర, అంటే పెరిగేది నాలుగైదు వందలే. టోక్యో మీదుగా అయితే 15,000 దగ్గరకు పోతుంది. టికెట్ ఎంత చవకైనా ఆ రెండోది నేను ఎక్కను.