పాత విల్లువేట పుస్తకాలు పదేళ్ళు పోగేశాక నా రివ్యూ: ఏవి కొనొచ్చు, ఏవి ఫ్రీగా చదవొచ్చు

మిషిగన్‌లో ఉంటాం, నేను రికర్వ్ విల్లు (కొసలు ముందుకి వంగి ఉండేది) పట్టి పదకొండేళ్ళు, ఈ పుస్తకాలు కొనడం మొదలుపెట్టి పదేళ్ళు అయింది. షెల్ఫ్‌లో ముప్పై పైనే ఉన్నాయి గానీ మళ్ళీ మళ్ళీ చేతిలోకి వచ్చేవి ఐదారే, వాటి గురించే రాస్తున్నా, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి డబ్బులు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ముందే చెప్తున్నా, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, ఇక్కడ లైసెన్స్ తీసుకుని సీజన్‌లో వెళ్ళాలి, మా స్టేట్‌లో జింకలకి విల్లు సీజన్ అక్టోబర్ 1న మొదలవుతుంది. వేట సంగతి వదిలేసినా ఈ పుస్తకాల్లో సగం విల్లు చెక్కడం, బాణం చేయడం గురించే, అవి ఎవరైనా చదువుకోవచ్చు. మాది భద్రాచలం వైపు, చిన్నప్పుడు సంతకి వచ్చే కోయవాళ్ళ భుజాన విల్లు చూస్తూ నుంచుండిపోయేవాణ్ణి, ఈ పిచ్చి అక్కడే మొదలైందేమో.

మొదటి పుస్తకం ఏది కొనాలంటే నేను కళ్ళు మూసుకుని సాక్స్‌టన్ పోప్ రాసిన హంటింగ్ విత్ ద బో అండ్ యారో అంటా. 1923లో శాన్ ఫ్రాన్సిస్కోలో వచ్చింది, తర్వాత 1925లో పట్నమ్ వాళ్ళు వేశారు, నా దగ్గర ఉన్నది అదే. పోప్ సర్జన్. 1911లో కాలిఫోర్నియాలో ఓరోవిల్ దగ్గర యాహీ జాతిలో మిగిలిన ఆఖరి మనిషి ఒక్కడే బయటికొచ్చాడు, తన పేరు ఎవరికీ చెప్పలేదు, అందుకని ఇషీ అన్నారు, వాళ్ళ భాషలో మనిషి అని. ఆయన్ని యూనివర్సిటీ మ్యూజియంలో ఉంచారు, పక్కనే ఉన్న మెడికల్ స్కూల్లో పోప్ పనిచేసేవాడు, డాక్టరుగా పరిచయమై స్నేహితుడై చివరికి ఆయన దగ్గరే విల్లు నేర్చుకున్నాడు. 1916లో ఇషీ క్షయతో పోయాడు. పుస్తకం మొదలయ్యేదే ఆయన కథతో, అది చదివాక మిగతా పుస్తకాన్ని మామూలు వేట పుస్తకంలా చదవలేం.

ఇషీ విల్లు కొండల్లో పెరిగే జూనిపర్ చెక్కతో చేసింది, వీపున జింక నరం అతికించి ఉంటుంది, పొడవు 42 అంగుళాలు, కానీ ఆయన కొలత టేపుతో కాదు, పక్కకి చాచిన చేతి నుంచి అవతలి తుంటి దాకా. అది చదివి పుస్తకం టేబుల్ మీద పెట్టి లేచి నుంచుని చెయ్యి చాచి నా ఒంటితో కొలుచుకున్నా. ఇంకోటి, ఇషీ తాడు బొటనవేలితో లాగేవాడు. మా క్లబ్బులో నేర్పింది మూడు వేళ్ళతో లాగడం, అందులో బొటనవేలికి పనే లేదు, అందుకే ఏకలవ్యుడి బొటనవేలు అడిగితే అంత నష్టం ఏంటి అని నాకు ఎప్పుడూ ఒక డౌట్ ఉండేది, ఆ పేజీ దగ్గర అర్థమై కాసేపు అలా కూర్చుండిపోయా.

ఈ పుస్తకం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంది, ముందు అక్కడ చదవండి, మనసుకి పట్టాకే పాత కాపీ కోసం వెతకండి. ఫోటోలు మాత్రం పాత కాగితం మీద చూడాల్సిందే, నేను కొన్న ఒక చవక రీప్రింట్‌లో ఫోటోలన్నీ నల్లటి మరకల్లా వచ్చాయి.

మారిస్ థాంప్సన్ ద విచరీ ఆఫ్ ఆర్చరీ 1878ది. అమెరికా సివిల్ వార్ నుంచి తిరిగొచ్చిన అన్నదమ్ములు విల్లు పట్టుకుని అడవుల్లో తిరిగిన కథ, అమెరికాలో మళ్ళీ విల్లు పట్టించింది ఈ పుస్తకమే అంటారు, మరుసటి సంవత్సరమే నేషనల్ ఆర్చరీ అసోసియేషన్ పుట్టింది. రాసిన తీరు చాలా బాగుంటుంది. కానీ కనిపించిన పక్షినల్లా కొడుతూ పోతుంటే నాకు కష్టంగా అనిపించింది, వలస పక్షుల చట్టం వచ్చిందే 1918లో కాబట్టి ఆ కాలానికి అది మామూలే కావచ్చు, అయినా రెండోసారి ఆ చాప్టర్లు దాటేశా. దీనికి రీప్రింట్ చాలు.

హొవార్డ్ హిల్ హంటింగ్ ద హార్డ్ వే, 1953. ఎరల్ ఫ్లిన్ రాబిన్ హుడ్ సినిమాకి బాణాలు వేసినాయన ఈయనే. లాంగ్‌బో (వంపుల్లేని పొడుగాటి విల్లు) వేసేవాళ్ళకి దీన్ని మించింది లేదు, గురి చూడటం గురించి ఆయన చెప్పింది పట్టుకుని నేను ఒక వేసవి అంతా పెరట్లో ప్రాక్టీస్ చేశా, ఇరవై గజాల దగ్గర బాణాలు గుత్తిగా పడటం అప్పుడే మొదలైంది. నా కాపీకి అట్ట మీద చుట్టే కాగితం జాకెట్ చిరిగింది, అట్ట మూలలు అరిగిపోయాయి, అందుకే చవగ్గా వచ్చింది. కానీ లోపల ఒక పేజీలో టర్కీ కోడి ఈక ఒకటి, ఒక పక్క నీట్‌గా కత్తిరించి బాణానికి అతికించడానికి రెడీ చేసింది, పేజీల మధ్య నొక్కుకుపోయి కాగితం మీద దాని నీడ లాగా గోధుమరంగు అచ్చు పడింది. పక్కన పెన్సిల్‌తో కొలతలు రాసుకున్నారు ఎవరో. కలెక్టర్లు దాన్ని డ్యామేజ్ అంటారు, నేను ఆ ఈకని కదపలేదు.

విల్లువేటలో పేరున్న ఫ్రెడ్ బేర్‌వి రెండున్నాయి. ఆర్చర్స్ బైబిల్ 1968ది, పేపర్‌బ్యాక్, బాగుంటుంది గానీ నా కాపీకి జిగురు ఎండిపోయి పేజీలు ఊడుతున్నాయి, కొనేముందు పుస్తకం వెన్ను ఫోటో అడగండి. 1976లో వచ్చిన ఫీల్డ్ నోట్స్ వేట డైరీ, చలికాలం రాత్రుళ్ళు రోజుకి రెండు పేజీలు చదువుకుంటా.

నిజంగా పని నేర్పింది మాత్రం అంత పాతది కాదు, ట్రెడిషనల్ బోయర్స్ బైబిల్ మొదటి వాల్యూమ్, 1992. బోయర్ అంటే విల్లు చెక్కేవాడు. నా హికరీ విల్లు ఇది పక్కన పెట్టుకునే చెక్కా, మొదటి రెండూ విరిగాయి, మూడోది నిలిచింది. పేజీల నిండా చెక్కపొడి. ఇది కొత్తది కొనుక్కోండి, గ్యారేజ్‌లో పెట్టి వాడండి.

ఇక దెబ్బ తిన్న సంగతి. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కండిషన్ వెరీ గుడ్ అని రాసి ఉంటే ఒక పుస్తకం తెప్పించా, పార్సిల్ విప్పగానే బూజు వాసన, అయినా ఆశకొద్దీ షెల్ఫ్‌లో పెట్టేశా, మాది బేస్‌మెంట్, నాలుగు నెలల్లో పక్కనున్న రెండింటి అట్టల మీద కూడా తెల్లగా పట్టింది. ఒకటి పారేశా, రెండోది డబ్బాలో బేకింగ్ సోడా పెట్టి మూడు వారాలు మూసి ఉంచితే వాసన కొంత తగ్గింది. అప్పట్నుంచి గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ 45 శాతం దగ్గర పెట్టి ఆపట్లేదు, కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకం నెల రోజులు విడిగా ఉన్నాకే షెల్ఫ్ ఎక్కుతుంది. ముక్కు దగ్గర పెట్టి చూడనిదే ఏదీ నమ్మను ఇప్పుడు.

ఇంకా దొరకనిది పోప్ ఆఫ్రికా పుస్తకం, ద అడ్వెంచరస్ బోమెన్, 1926, ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. మూడేళ్ళుగా చూస్తున్నా. జాకెట్ లేకపోయినా పర్లేదు, ఎవరివో పెన్సిల్ రాతలు ఉన్నా పర్లేదు, వాసన లేకుండా పొడిగా ఉన్న కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.