కిలో లెక్కన ఫారిన్ కాయిన్స్ కొంటున్నారా? సంచి అడుగు దాకా చూడండి

వైజాగ్‌లో కాయిన్స్ పోగేసేవాళ్లకి ఒక మాట. "ఓడల మీద పనిచేసేవాళ్ల దగ్గర కొన్నవి, కిలో 2,800, లోపల వెండివి కూడా ఉంటాయి" అని వాట్సాప్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. పోర్టున్న ఊరు కదా, నమ్మబుద్ధేస్తుంది. వన్ టౌన్‌లో ఆ ప్రకటన పెట్టినాయన్ని కలిసి ఒక కిలో తెచ్చుకున్నాను.

సంచిలో పైపైన బాగానే ఉన్నాయి. కూజా బొమ్మ ఉన్న దుబాయ్ దిర్హాములు, జపాన్ వాళ్ల చిల్లు బిళ్లలు. ఇంట్లో దుప్పటి మీద కుమ్మరించి దేశాలవారీగా వేరుచేస్తుంటే బండారం బయటపడింది. అడుగున సగం మన స్టీలు పావలాలే! 2011 జూన్‌తో చెల్లకుండా పోయినవి, ఫారిన్ ఎప్పుడయ్యాయో మరి. వాటితోపాటు ఒకవైపు రాముడి పట్టాభిషేకం, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 అని ఉన్న రాగి బిళ్లలు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు.

ఇక "వెండిది" అంటే 1880 అని ఉన్న అమెరికా డాలరు. అసలుదైతే 26.73 గ్రాములు, 90 శాతం వెండి. దీన్ని తెలిసినవాళ్ల బంగారం కొట్లో కాటా మీద పెడితే 20 కూడా దాటలేదు. పైగా ఫ్రిజ్ మాగ్నెట్‌కి టక్కున అతుక్కుంది. వెండి అతుక్కోదు. అలాగని అతుక్కున్నదల్లా దొంగది కాదు: యూరో 1, 2, 5 సెంట్లు, 1992 నుంచి వస్తున్న బ్రిటన్ పెన్నీలు రాగిపూత వేసిన ఉక్కువే.

2 యూరోలని చెప్పి విడిగా 150 తీసుకున్న బిళ్ల చూస్తే థాయ్‌లాండ్ 10 బాత్. రెండిట్లోనూ రెండు రంగుల లోహం, సైజూ ఇంచుమించు ఒకటే. యూరో మీద పెద్ద 2 అంకె, యూరప్ పటం ఉంటాయి. దీని మీద రాజు, గుడి. నిజం యూరో అయినా ఇక్కడ మార్చుకోవడం కష్టమే, మనీ ఎక్స్చేంజ్ వాళ్లు మామూలుగా నోట్లే తీసుకుంటారు, చిల్లర ముట్టుకోరు.

ఒళ్లు మండింది మాత్రం తోముడు చూసి. పాత నాణేనికి పట్టిన నలుపే సేకర్తలకి ముద్దు. ఇవేమో తళతళలాడుతున్నాయి, అక్షరాల సందుల్లో గిన్నెలు తోమే పొడి ఇంకా తెల్లగా ఇరుక్కునే ఉంది.

ఫోన్ చేస్తే "కిలో అన్నాను, కిలో ఇచ్చాను, ఇంకేం కావాలండీ" అని పెట్టేశాడు. ఇప్పుడు వేరే నంబరు నుంచి అదే ఫోటో, నీలం తువ్వాలు మీద పరిచిన నాణేలు, ఎంవీపీ కాలనీ వైపు వాళ్లకి పంపుతున్నాడు. వెళ్లేవాళ్లు జేబులో మాగ్నెట్ వేసుకెళ్లండి. సంచి మొత్తం పేపరు మీద పొయ్యమనండి. కుదరదంటే పర్సు తియ్యకండి.